గత నెలలో మా దగ్గర హైడ్రో ఆయిల్ మార్పించుకున్నవారికి

గత నెల 9 నుంచి 27 లోపు మా షాపులో లాన్ ట్రాక్టర్ (కూర్చుని గడ్డి కోసే బండి) హైడ్రోస్టాటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ మార్పించుకున్న బండ్లు 14. ఆ పద్నాలుగింటిలోనూ వేయాల్సిన ఆయిల్ కాకుండా పలచటిది పడింది. వేసింది మేమే. అందరికీ ఫోన్ చేస్తున్నాను. ఈలోపు ఈ మాట ఇంకెవరి దగ్గరో వినేకంటే నా దగ్గరే వినడం న్యాయం.

బయటపడింది ఒక పాత కస్టమర్ వల్ల. "పొద్దున తీస్తే బాగానే ఉంటోంది, అరగంట కోసేసరికి మెరక ఎక్కట్లేదు, పెడల్ మొత్తం తొక్కినా నిలబడిపోతోంది" అన్నారు. ముందు బెల్టు మీద అనుమానపడ్డాను. బెల్టు బాగానే ఉంది. చల్లగా ఉన్నప్పుడు లాగి, వేడెక్కాక చేతులెత్తేస్తోందంటే ఆయిల్ చూడక తప్పదు. దింపి చూస్తే వేలికి అంటుకోకుండా జారిపోతోంది.

ఒకేలాంటి రెండు సీసాలు తీసుకున్నాను. ఒకదాంట్లో పాత డబ్బాలో మిగిలిన 20డబ్ల్యూ-50 ఇంజిన్ ఆయిల్ (చివరి 50 అనేది వేడిలో దాని చిక్కదనం గ్రేడు), రెండోదాంట్లో కొత్త డబ్బాలోది. పైన కాస్త ఖాళీ ఉంచి, మూత బిగించి, రెండూ ఒకేసారి తలకిందులు చేశాను. కొత్తదాంట్లో గాలి బుడగ ఇట్టే పైకి వచ్చేసింది. పాతదాంట్లో ఇంకా సగం దారిలోనే ఉంది. ఈ పని డబ్బా తెరిచిన రోజే చేసి ఉండాల్సింది.

మాకు ఏళ్లుగా సరుకు పంపే ఆయనే ఈసారి వేరే డబ్బా పంపాడు. అడిగితే "ప్యాకింగ్ మారింది, సరుకు అదే" అన్నాడు. నమ్మాను. తీరా చూస్తే అది యూనివర్సల్ ట్రాక్టర్ ఫ్లూయిడ్. అది చెడ్డ ఆయిల్ కాదు. గేర్లు, హైడ్రాలిక్ లిఫ్టు, ఆయిల్లో మునిగి ఉండే బ్రేకులు అన్నీ ఒకే ఆయిల్‌తో నడిచే పెద్ద ట్రాక్టర్ల కోసం చేసింది. నిలదీస్తే "ట్రాక్టరే కదా, హైడ్రాలిక్కే కదా" అన్నాడు. ఆయిల్ అమ్మేవాడు అనాల్సిన మాట కాదది. ఇకపై ఆయన సరుకు నా షాపు గడప దాటదు. తగ్గించి ఇస్తానన్నా సరే.

హైడ్రో గేర్‌బాక్స్‌లో చక్రాలకు బలం మోసుకెళ్లేదే ఆయిల్. పంపు ఆయిల్‌ని ఒత్తిడితో నెడితే చక్రాలను తిప్పే మోటారు తిరుగుతుంది. లోపల పిస్టన్లకూ వాటి గదులకూ మధ్య సందు చాలా సన్నం. వేడికి ఆయిల్ మరీ పలచబడితే ఆ సందుల్లోంచి వెనక్కి కారిపోతుంది, ఒత్తిడి పడిపోతుంది. ఆ కారడం వల్ల వేడి ఇంకా పెరుగుతుంది. 100 డిగ్రీల దగ్గర 50 గ్రేడు ఆయిల్ చిక్కదనం కనీసం 16.3 సెంటిస్టోక్‌లు ఉండాలి. ట్రాక్టర్ ఫ్లూయిడ్ సాధారణంగా 30 గ్రేడు దరిదాపుల్లో ఉంటుంది, ఆ గ్రేడుది 12.5 లోపే. ఆ తేడాయే మెరక దగ్గర కనిపిస్తుంది.

ఇక నాకు రెండు రాత్రులు నిద్ర పట్టనివ్వని విషయం. పద్నాలుగు మందిలో ఫిర్యాదు చేసింది ముగ్గురే. మిగతావాళ్లవి చదును నేల బండ్లు, తేడా తెలియలేదు. "అడగనివాళ్లని కదిలించడం ఎందుకు, షాపు పేరు పోతుంది" అని మా కుర్రాళ్లే అన్నారు. నాకూ పరువు మీద ప్రేమ ఉంది. కానీ తెలియకుండా అరిగేది మీ పంపు. అందుకే అందరినీ పిలుస్తున్నాను.

ఖర్చు మొత్తం మాదే. ఒకసారి దింపితే లోపల కొంత ఉండిపోతుంది కాబట్టి దింపి, నింపి, నడిపి, మళ్లీ దింపుతాం. ఫిల్టరు ఉన్నవాటికి ఫిల్టరూ మారుస్తాం. తర్వాత చక్రాలు పైకెత్తి, ముందుకీ వెనక్కీ మెల్లగా ఆడించి గాలి తీస్తాం. గాలి మిగిలితే పంపు కూస్తుంది, ఆ కూత ఆగేదాకా బండి బయటికి పంపం. అప్పటిదాకా మెరకల మీద వాడొద్దు. బండి ఆగిపోతే బైపాస్ (చక్రాలు వదులుగా తిరిగేలా చేసే మీట) తెరవకుండా నెట్టొద్దు.

ఒకరు "ఇక కంపెనీ ఆయిలే వేయిస్తా, మీది వద్దు" అన్నారు. మనసు చివుక్కుమంది. మాన్యువల్లో కంపెనీ ఆయిలే వేయమని ఉంటే మేమూ అదే వేస్తాం. 20డబ్ల్యూ-50 ఇంజిన్ ఆయిల్ చాలని ఉంటే అదే వేస్తాం, అందులో చిన్నతనం లేదు. కొన్నిటికి 10డబ్ల్యూ-30 అడుగుతారు, కొన్నిటికి 5డబ్ల్యూ-50 సింథటిక్. అందుకే వచ్చేటప్పుడు మాన్యువల్ తెచ్చుకోండి. లేకపోతే గేర్‌బాక్స్ మీది లేబుల్ చూసి, మోడల్ నంబర్ మీ ఎదుటే రాసుకుంటాం.

రెండు సీసాలూ బెంచీ మీదే ఉన్నాయి. మీరే తిప్పి చూడండి.