‘పొట్టి’ అనే ఇంటిపేరు గురించి

సభ్యులందరికీ నమస్కారం. పొట్టి శ్రీరాములు గారు నిజంగానే పొట్టిగా ఉండేవారా అని తమ అబ్బాయి అడిగినట్లు నిన్న ఒక సభ్యురాలు రాశారు. ‘పొట్టి’ ఆయన ఇంటిపేరు. ఆకారాన్ని చెప్పే మాట కాదు. ఆయన 1901లో మద్రాసులో జన్మించినా, పూర్వీకులది కనిగిరి ప్రాంతంలోని పడమటిపల్లె.

మన వైపు ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ల నుంచి వచ్చినవే. టంగుటూరు ‘టంగుటూరి’ అయినట్లే, ‘పాడు’తో ముగిసే ఊరి పేరు ఇంటిపేరుగా మారేసరికి ‘పాటి’ అవుతుంది. ‘పొట్టి’ ఈ కోవకు చెందదు. ఏనాటి తాతకో ఊరివారు పెట్టిన పిలుపుపేరు వంశానికి అంటుకుని, ఆరడుగుల మునిమనవడు కూడా మోయవలసివచ్చే రకం ఇంటిపేరుగా నాకు తోస్తుంది. అటువంటివి అరుదుగానే వినిపిస్తాయి.

1972లో ఒంగోలు జిల్లా ‘ప్రకాశం’ అయినప్పుడు ‘టంగుటూరి’ బయటే ఉండిపోయింది. 2008లో నెల్లూరు జిల్లాకు శ్రీరాములు గారి పేరు పెట్టినప్పుడు మాత్రం ఇంటిపేరు కూడా కలిసి వచ్చింది కాబట్టి, కొద్ది కుటుంబాలకే పరిమితమైన ఆ మాట నేడు జిల్లాలోని ప్రభుత్వ కాగితాలన్నింటి మీదా కనిపిస్తోంది.

మీ ఇంటిపేరు వెనుక ఊరు కాక పిలుపుపేరు ఉన్నదని పెద్దలు చెప్పి ఉంటే, దయచేసి ఇక్కడ తెలియజేయగలరు.