బయాస్ పాఠానికి ప్రాక్టికల్ పెట్టండి

సంపాదకులకు,

సైకాలజీ విద్యార్థులకు అన్‌కాన్షస్ బయాస్ (మనకు తెలియకుండానే మనలో ఉండే పక్షపాతం) చెప్పడమంటే చాలాచోట్ల 1998లో వచ్చిన ఐఏటీ పరీక్షను (మాటలనూ బొమ్మలనూ ఎంత వేగంగా జతచేస్తామో చూసి పక్షపాతాన్ని అంచనా వేసేది) కంప్యూటర్‌లో చేయించి, స్కోరు రికార్డులో రాయించడమే. అదే విద్యార్థి మళ్లీ చేస్తే స్కోరు మారిపోవచ్చు. ఒక మనిషి ఎలాంటివాడో తేల్చడానికి అది చాలదు.

దానికన్నా, ఊహించిన రోగి వివరాలున్న కేసు షీట్లు మేలు. మూడు వారాలుగా నిద్ర పట్టదు, ఆకలి లేదు, ఆఫీసుకు తరచూ సెలవు: ఈ ఒక్క కేసునే నాలుగు రకాలుగా రాయాలి. పేరు మగ లేదా ఆడ, చిరునామా అగ్రహారం లేదా అంబేద్కర్ కాలనీ. ఇంకేదీ మారకూడదు. ఉద్యోగం, జీతం మాత్రం నాలుగింటిలోనూ ఒకేలా రాసి తీరాలి. లేదంటే కాలనీ పేరు చూడగానే పేదరికం ఊహించుకుంటారు, తేడా కులం వల్లనో డబ్బు వల్లనో తేలదు. ఒక్కో విద్యార్థికి ఒక్క షీటే ఇవ్వాలి. రెండోది కంటపడితే సంగతి కనిపెట్టేసి 'మంచి' జవాబు రాస్తారు. జబ్బు తీవ్రతకు 1 నుంచి 7 లోపు అంకె, మందులా కౌన్సెలింగా, రోగి చెప్పినట్టు చేస్తారా లేదా అని అడిగి, నాలుగు షీట్ల జవాబులు పోలిస్తే చాలు. 40 మంది క్లాసులో ఒక్కో షీటుకు పదిమందే కాబట్టి వచ్చిన తేడా కాకతాళీయం కావచ్చు. నాలుగైదు సెక్షన్ల లెక్కలు కలపాలి.

అసలు పాఠం ఆ లెక్క దగ్గరే ఉంది. ఆడవాళ్ల సగటు ఒకటి, కాలనీవాళ్ల సగటు ఒకటి తీసి ఊరుకుంటే కాలనీ మహిళకు ఏం జరిగిందో కనబడదు. అమెరికాలో కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ 1964కు ముందు నల్లజాతి మహిళలను పనిలోకి తీసుకోలేదు. తర్వాత కోతలు పెట్టినప్పుడు, చివర చేరారని వాళ్లనే ముందు తీసేసింది. 1976లో కోర్టు జాతి వివక్షనూ లింగ వివక్షనూ కలిపి చూడనంది. కంపెనీలో ఆడవాళ్లున్నారుగా అంది, ఉన్నది తెల్లవాళ్లు! న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్‌షా 1989లో ఇంటర్‌సెక్షనాలిటీ (జాతి, లింగం లాంటి వివక్షలు ఒకే మనిషిపై కలిసి పడతాయనే) వాదనకు ఈ కేసునే ఎత్తి చూపారు.

దయచేసి క్లాసులో ఎవరినీ లేపి కులం, అనుభవం చెప్పమనకండి. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆర్థికవేత్తలు హాఫ్, పాండే చేసిన ప్రయోగంలో, కులం అందరిముందూ చదివితే దళిత బాలుర పజిల్ స్కోరు పడిపోయింది. చదవనప్పుడు అగ్రకులాల పిల్లలతో సమానంగా చేశారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ కుల, లింగ వివక్ష లేని వైద్యాన్ని హక్కు చేసింది. ఆ వైద్యం చేయబోయేవాళ్లు ఈ విద్యార్థులే. యూనివర్సిటీల బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఈ ప్రాక్టికల్‌ను సిలబస్‌లో చేర్చి, మార్కులు కేటాయించాలి.

— కొందరు సైకాలజీ అధ్యాపకులు