డిస్క్ బ్రేక్ సామానుకు ఫొటో చాలదు, కొలతలు పంపండి

మా కస్టమర్లందరికీ నమస్తే.

పాత అంబాసిడర్, పద్మినీ, జీపులకు ఎవరో ఎక్కడో బిగించిన డిస్క్ బ్రేకులు ఉంటయి కదా, వాటికి ప్యాడ్లు, రబ్బర్ కిట్లు, హోస్ పైపులు వాట్సాప్ ఫొటో చూసి తెప్పించుడు ఈ నెల నుంచి బంద్ పెడుతున్నం. కొందరికి కోపం వస్తదని తెలుసు. "అంబాసిడర్ డిస్క్ ప్యాడ్లు ఒక సెట్టు" అని ఫోన్‌లో చెప్తే సరే అని రాసుకున్నది మేమే, ఆ తప్పు మాదే. సామాను పట్టకపోతే సీల్ తెరిచిన ప్యాకెట్‌ను డీలర్ వాపస్ తీసుకోడు. పైసలు మీవో మావో పోతయి, బండి వారం పది రోజులు జాక్ మీదనే ఉంటది.

అసలు చిక్కు బండి పేరుతోనే. అంబాసిడర్‌లో చివరి కాలపు మోడళ్లు కొన్నిటికి కంపెనీ నుంచే ముందు డిస్కులు వచ్చినయి, మార్క్ సిరీస్ బండ్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. అంటే మార్క్ బండికి డిస్క్ ఉందంటే అది బయట చేయించిందే. ఆర్‌సీ మీద ఒక్కటే పేరు, చక్రం లోపల మాత్రం నలుగురి సంసారం: క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు ఒత్తే భాగం) ఒక బండిది, డిస్క్ ఇంకో బండిది, బ్రాకెట్ మందం ప్లేటు కోసి చేసింది, హోస్ పైపు ఆ రోజు ఏది దొరికితే అది. అందుకని దేనికది విడిగా గుర్తుపట్టాలె.

మొదలు బేరింగ్ నంబర్ చూడండి. హబ్ మూత తీసి బయటి బేరింగ్ గుంజితే రేస్ (దాని ఉక్కు రింగు) మీద నంబర్ చెక్కి ఉంటది. 30205 అని ఉంటే లోపలి బొక్క 25 మి.మీ., బయట 52. 'ఎల్ఎం' అని మొదలైతే ఇంచీ కొలతల బేరింగ్. దాంతో స్టబ్ యాక్సిల్ (ముందు చక్రం తిరిగే ఇరుసు ముక్క) ఆ బండిదేనా, హబ్‌తో పాటు వేరే బండిది వచ్చిందా అనేది చాలావరకు తేలుతది. బేరింగ్‌కూ యాక్సిల్‌కూ మధ్య లేత్ మీద తీసిన బుష్ కనిపిస్తే ఆ ఫొటో తప్పకుండా పంపండి.

డిస్క్‌కు మాకు కావాల్సింది బయటి వ్యాసం, మందం, టోపీ (నడిమి ఉబ్బు భాగం) ఎత్తు, నడిమి బొక్క, వీల్ బోల్టుల పీసీడీ (బోల్టు బొక్కల నడిమిల మీదుగా పోయే వృత్తం వ్యాసం). ఎక్కువ మంది తప్పేది పీసీడీ దగ్గరనే. నాలుగు బోల్టులైతే ఎదురెదురు బొక్కల నడిమి నుంచి నడిమికి కొలిస్తే అయిపోయింది. ఐదు బోల్టులకు ఎదురు బొక్క ఉండదు, ఒకటి వదిలి ఇంకోదానికి కొలవాలె, వచ్చినదాన్ని 1.051తో గుణించాలె. గుణించుడు మరిచిపోతే ఏమైతదో చూడండి. 114.3 పీసీడీ ఉన్న హబ్ మీద అట్ల కొలిస్తే టేపు 108.7 చూపిస్తది. 108 పీసీడీ డిస్కులు కూడా బజార్‌లో ఉన్నయి. 108 అని రాసి పంపితే 108 డిస్కే వస్తది, ఒక్క బోల్టు కూడా ఎక్కదు. గుణించిందీ, గుణించనిదీ రెండు అంకెలూ పంపండి, మేం సరిచూసుకుంటం.

డిస్క్ టోపీ మీదనో అంచు మీదనో 'మిన్ టీహెచ్' అని అక్షరాలు, పక్కన అంకె ఉంటయి. అది కనిష్ఠ మందం. కొత్త డిస్క్ మందం కాదది, దాన్ని చూసి ఆర్డర్ పెట్టొద్దు. రెండు వరసల బోల్టు బొక్కలుంటే పాత వరసే దొరికిన దారం, ఆ కొలత డిస్క్ అసలు ఏ బండిదో చెప్తది. నడిమి బొక్క అంచు మీద లేత్ గీతలు కనబడితే దాన్ని పెద్దది చేసిన్రన్నట్టు, ఆ కొలతను నమ్మలేం. పాత బొక్కలను వెల్డింగ్‌తో పూడ్చిన డిస్క్ అయితే కొలిచే పనే లేదు, అది మేం బిగించం.

క్యాలిపర్ మీద గిర్లింగ్ అని పోత అక్షరాలున్నయని చాలామంది ఫోన్ చేస్తరు. అది తయారుచేసినవాళ్ల పేరు. ఒకే కంపెనీ ఎన్నో కార్లకు క్యాలిపర్లు చేసి ఇస్తది, పేరు తెలిస్తే సగం దారి కూడా కాదు. పోత నంబర్ కూడా పార్ట్ నంబర్ కాదు. పనికొచ్చేది పిస్టన్ వ్యాసం (వెర్నియర్‌తో, టేపుతో కాదు), పిస్టన్లు ఎన్ని, బ్రాకెట్‌కు పట్టే రెండు బోల్టుల మధ్య దూరం. ప్యాడ్ వెనక ఇనుప ప్లేటు మీద ఐదంకెల డబ్ల్యూవీఏ నంబర్ మిగిలి ఉంటే మీ అదృష్టం, అది ప్యాడ్ ఆకారానికి గుర్తు, దాన్ని పట్టుకొని క్యాలిపర్ దాకా పోవచ్చు. అక్కడే 'ఎఫ్ఎఫ్' లాంటి జంట అక్షరాలుంటయి. అవి రాపిడి గ్రేడు, ఆకారంతో సంబంధం లేదు. నంబర్ చెరిగిపోతే ప్యాడ్‌ను తెల్ల కాగితం మీద పెట్టి సన్న పెన్సిల్‌తో చుట్టూ గీయండి. ఫొటో కొంచెం వంగినా రెండు మిల్లీమీటర్లు తేడా వస్తది, గీత అబద్ధమాడదు.

హోస్ పైపు సంగతి జర ఓపికగా చదవండి, ప్రాణాల మీదికి వచ్చేది ఇదే. ఇంగ్లండ్ డిజైన్ నుంచి వచ్చిన పాత బండ్లల్ల బ్రేక్ లైన్ థ్రెడ్ మూడు సూత్‌లు (3/8 ఇంచీ), ఇంచీకి 24 చుట్లు. కొత్త బండ్ల క్యాలిపర్లకు ఎక్కువగా ఎం 10 (10 మి.మీ.), పిచ్ అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 1 మి.మీ. రెండిటి పిచ్‌కు తేడా 0.06 మి.మీ. లోపే, థ్రెడ్ గేజ్ పెట్టినా రెండూ సరిపోయినట్టే కనిపిస్తయి. తేల్చేది బయటి వ్యాసమే: మూడు సూత్‌లది దాదాపు 9.4, ఎం 10ది దాదాపు 9.9 మి.మీ. ఎం 10 నట్టు మూడు సూత్‌ల బొక్కలో ఎక్కదు కాబట్టి అటునుంచి భయం లేదు. మూడు సూత్‌ల నట్టు మాత్రం ఎం 10 బొక్కలో హాయిగా తిరుగుతది, చివరికి బిగిసినట్టు కూడా అనిపిస్తది. మెల్లగ తొక్కితే ఆయిల్ చుక్క కూడా కారదు. బర్రె అడ్డమొచ్చి మొత్తం బలంతో తొక్కిన రోజు థ్రెడ్ తెగుతది. సింగిల్ సర్క్యూట్ మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే నాలుగు చక్రాలకూ ఒకే లైన్‌లో ఆయిల్ తోసేది) ఉన్న బండికి ఒక్క చోట ఊడితే నాలుగు చక్రాల బ్రేకూ పోయినట్టే. నట్టు చేతితో తిప్పేటప్పుడు అటూ ఇటూ ఊగిందా, అక్కడికే ఆపండి. పైపు మూతి గరాటు లెక్క ఉందా, బుడిపె లెక్క ఉందా అనేది కూడా రాయండి, ఒకదాని సీటు ఇంకోదానికి కూర్చోదు.

"ప్యాడ్లు తొందరగా అరుగుతున్నయి, మీ సరుకు బాలేదు" అన్న ఫిర్యాదులకు కూడా ఇక్కడే జవాబు చెప్తం. డ్రమ్ముల కోసం చేసిన పాత మాస్టర్ సిలిండర్ చాలావాటిలో, స్ప్రింగ్ చివర ఒక చెక్ వాల్వ్ ఉంటది. లైన్‌లో సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడి ఆపి ఉంచుతది. డ్రమ్ము లోపల గుంజే స్ప్రింగులు ఉంటయి కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. డిస్క్‌కు ఆ స్ప్రింగులు లేవు, పిస్టన్‌ను వెనక్కి తెచ్చేది సీల్ రబ్బర్ ఒక్కటే. వాల్వ్ తీయకుండా డిస్కులు పెడితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటయి. మన మే నెల ఎండకు పస్రా, తాడ్వాయి దాకా పోయేసరికి డిస్క్ నీలం రంగుకు తిరుగుతది. మాస్టర్ సిలిండర్ ఫ్లోర్ కింద, క్యాలిపర్ కంటే దిగువన ఉంటే మాత్రం ఆయిల్ వెనక్కి జారకుండా 2 పీఎస్ఐ వాల్వ్ ఉండాలె.

ఇంట్లోనే ఇట్ల చూడొచ్చు. పెడల్ నాలుగైదు సార్లు తొక్కి వదిలి, ముందు చక్రం లేపి తిప్పండి. బిగుసుకొని ఉంటే మాస్టర్ దగ్గరి యూనియన్ నట్టు కొంచెం వదులు చేయండి. చక్రం వదిలితే దోషం మాస్టర్‌లో: చెక్ వాల్వ్ అయినా కావచ్చు, పెడల్ నుంచి వచ్చే పుష్ రాడ్‌కు ఫ్రీ ప్లే (కొంచెం ఖాళీ) లేకపోవుడు అయినా కావచ్చు. అక్కడ వదలక, క్యాలిపర్ బ్లీడర్ (గాలి తీసే నిప్పల్) తెరిచినప్పుడే వదిలితే హోస్ పైపు లోపల ఉబ్బి మూసుకుంది. బ్లీడర్ తెరిచినా కదలకపోతే పిస్టనో, స్లైడ్ పిన్నులో తుప్పు పట్టినయి. ఎంత ఎయిర్ తీసినా పెడల్ మెత్తగా ఉంటే బ్లీడర్ నిప్పల్ ఎక్కడుందో చూడండి. కింది వైపు ఉంటే ఎడమ క్యాలిపర్ కుడికి, కుడిది ఎడమకు బిగించిన్రు. గాలి పైననే ఆగిపోతది, రోజంతా తొక్కినా రాదు.

మాస్టర్ సిలిండర్ బోర్ (లోపలి వ్యాసం) అంకె కూడా కావాలె. 22.2 మి.మీ. తీసి 19.05 పెడితే అదే క్యాలిపర్‌కు పెడల్ 36 శాతం ఎక్కువ దిగాలె. కాలికి తేలిక, దూరం ఎక్కువ.

వెల్డింగ్ అతుకులున్న బ్రాకెట్, కోలగా సాగదీసిన బోల్టు బొక్కలు, క్యాలిపర్ నడిమికి రావాలని పేర్చిన నాలుగైదు వాషర్లు కనిపిస్తే మేం ప్యాడ్లు కూడా వేయం. బ్రాకెట్ కొత్తగా చేయించాలె, వాషర్ల స్థానంలో లేత్ మీద తీసిన ఒకే స్పేసర్ రావాలె, 10.9 గ్రేడ్ (గట్టి ఉక్కు) బోల్టులు పడాలె. వేరే షాపులో తక్కువకు చేస్తరని చెప్పకండి, మాకూ తెలుసు.

ముందు రెండు చక్రాలు విప్పి కొలిచి కాగితం మీద రాసిచ్చేందుకు 900 రూపాయలు, ఒక పూట పని. పని మా దగ్గరే చేయించుకుంటే అది బిల్లులో తగ్గిస్తం. గోదావరిఖని, భూపాలపల్లి, జగిత్యాల వైపు వాళ్లు బండి తేనవసరం లేదు, పాత ప్యాడ్, హోస్ పైపు, బేరింగ్ ఆర్టీసీ కార్గోలో పంపితే చాలు. ఎడమది, కుడిది వేరువేరుగా కట్టి పేరు రాయండి. పెట్రోల్, కిరోసిన్‌తో కడగొద్దు, రబ్బర్ ఉబ్బుతది, మేం తీసుకునే కొలత తప్పైతది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు: కొలతలు లేని ఆర్డర్లన్నీ ఆపినం. కొలతలు పంపితే అదే అడ్వాన్స్ మీద నడుస్తది, వద్దనుకుంటే పైసలు వాపస్.