పత్తి పండే జిల్లాకు మిల్లు ఏది?

సంపాదకులు గారికి,

అయ్యా,

హనుమకొండ చౌరస్తా చుట్టూ అంతస్తుల మీద అంతస్తుల బట్టల షాపులు, పెద్దాస్పత్రులు, కోచింగ్ సెంటర్లు. మిర్చి బండి మీద కూడా ఫోన్‌పే. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ లాంటి ఊళ్లలో మిల్లులొచ్చి, ఆ కూలి డబ్బుతో పట్నం పెరిగింది. మన ఉత్తర తెలంగాణలో పట్నపు ఖర్చులే ముందొచ్చాయి. ఆ ఖర్చులకు గల్ఫ్ డబ్బు, అమ్ముకున్న భూమి డబ్బు, అవీ లేనివాళ్లకు అప్పు.

సీజన్‌లో వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు వెళ్లి చూడండి. తెల్లారకముందే పత్తి బండ్లు గేటు బయట బారులు తీరతాయి. వ్యాపారి బస్తాలో చెయ్యి పెట్టి పిడికెడు పత్తి తీసి, తేమ ఉందంటూ ధర తగ్గిస్తాడు. తేమ 12 శాతం దాటితే, మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ అసలే కొనదు. జిన్నింగ్ మిల్లులో గింజ తీసి బేలు కట్టడంతో ఇక్కడి పని దాదాపు అయిపోయినట్టే. నూలు, నేత, కుట్టు, అంటే ఎక్కువ మందికి కూలి దొరికే పనులు, చాలావరకు వేరే రాష్ట్రాల పాలు. వాటిని వెతుక్కుంటూ మన మగ్గం పనివాళ్లు సూరత్, భివండి పోయారు.

పత్తి పెద్దగా పండని బంగ్లాదేశ్, దిగుమతి పత్తితో బట్టలు కుట్టి అమ్ముతోంది. దాని ఎగుమతుల్లో 80 శాతానికి పైగా అవే. అయితే 2013లో అక్కడ బట్టల ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. అట్లాంటి ఫ్యాక్టరీలు మనకొద్దు.

1934లో వరంగల్‌లో మొదలైన ఆజంజాహి మిల్లు నూలు వడికి, బట్ట నేసి, వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. 2002లో మూతపడింది, ఆ జాగలో ప్లాట్లు పడ్డాయి. 2017 అక్టోబర్‌లో గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగితే అందరం సంబరపడ్డాం. కొన్ని కంపెనీలు వచ్చాయి, కాదనను. కానీ వాటిలో ఒకటి తీసేది వాడి పారేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి దారం. మంచి పనే, మన పత్తి రైతుకు మాత్రం దానితో ఒరిగేదేమీ లేదు.

పత్తి నూలు మిల్లులకు పార్కులో ముందు జాగ ఇవ్వాలి. భూములిచ్చిన రైతుల పిల్లల్లో, కొత్తవాడ నేత కుటుంబాల్లో ఎంతమందికి పని దొరికింది, నెలకు ఎంత చేతికొస్తోంది అన్నది ప్రభుత్వం ఏటా పత్రికల్లో ప్రకటించాలి. సూరత్‌లో వచ్చే కూలి ఇక్కడ రాకపోతే ఏ నేత కార్మికుడూ తిరిగి రాడు. పార్కులో కంపెనీలకు రాయితీలిచ్చే ముందే ఆ కూలి ఎంతో కాగితం మీద రాయించుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొత్తవాడ, వరంగల్