వాటర్ ప్లాంటు వెనక పైపును కూడా చూడండి

సంపాదకులకు నమస్కారాలు.

కిడ్నీ వ్యాధితో బాధపడుతున్న మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో తాగునీటి గురించి చర్చ వచ్చినప్పుడల్లా మనం టిన్నులోకి పట్టుకునే నీళ్లనే చూస్తున్నాం గానీ, ప్లాంటు వెనక నుంచి బయటికి పోయే నీళ్ల సంగతి అడిగేవారు కనిపించడం లేదు. చాలా ఏళ్లు రసాయనశాస్త్రం బోధించినవాడిగా ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేవాలనుకుంటున్నాను.

గత వేసవిలో కవిటి మండలంలోని బంధువుల ఊరికి వెళ్లినప్పుడు అక్కడి ఆర్వో ప్లాంటు వెనక్కి వెళ్లి చూశాను. షెడ్డు గోడలోంచి వచ్చిన పైపు నీళ్లు కొబ్బరి తోట గట్టు పక్కనున్న గుంతలో పడుతున్నాయి. గుంత అంచున తడి ఆరిన చోటల్లా తెల్లని పొర కట్టి ఉంది. గోరుతో గీకితే పొడిగా రాలింది. ఆ గుంతకు ఇరవై అడుగుల దూరంలోనే ప్లాంటుకు నీళ్లిచ్చే బోరు ఉంది.

ఆర్వో ప్లాంటులో నీటిని వడకట్టే పలుచని పొర లవణాలను మాయం చేయదు, ఒక పక్కకు నెడుతుంది, అంతే. లీటరుకు 800 మిల్లీగ్రాముల లవణాలున్న నీళ్లు 100 లీటర్లు పోసి 50 లీటర్ల మంచినీళ్లు తీస్తే, మిగిలిన 50 లీటర్లలో అవి లీటరుకు దాదాపు 1,600 మిల్లీగ్రాములకు చేరతాయి. ఆ నీళ్లే బోరు పక్కన ఇంకితే మనం తీసిన ఉప్పును మళ్లీ మనమే తోడుకునే ప్రమాదం ఉంది. ఉద్దానం కిడ్నీ వ్యాధికి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు కాబట్టి దానికీ దీనికీ నేను ముడిపెట్టడం లేదు. అంత బాధ పడుతున్న ప్రాంతంలో భూగర్భజలాన్ని ఇంకాస్త ఉప్పగా మార్చుకోకూడదనే నా ఆవేదన.

నీళ్లు కాచి చల్లార్చుకుంటే చాలనే నమ్మకమూ మన ఇళ్లలో ఉంది. కాచినప్పుడు గిన్నె అడుగున పేరుకునే తెల్లటి మడ్డి ప్రధానంగా కాల్షియం కార్బొనేట్; ఫ్లోరైడ్, సోడియం నీళ్లలోనే ఉండిపోయి, ఆవిరి పోయినకొద్దీ ఇంకా చిక్కబడతాయి. ఫ్లోరైడ్ ఉన్నచోట సున్నం ఒక్కటే వేసినా సరిపోదు, ఎందుకంటే సున్నంలోని కాల్షియంతో కలిసి ఫ్లోరైడ్ కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు చేరినా, అది కొంత కరుగుతుంది కాబట్టి నీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ మిగులుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం ఉండదగినది 1 మిల్లీగ్రామే, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5. జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించిన నల్గొండ పద్ధతిలో సున్నంతో పాటు పటిక కలపడం అందుకే.

మన పరిశోధనశాలల్లో జీడిపిక్కల తొక్కు, కొబ్బరి చిప్పలతో బొగ్గు చేసి నీటిని శుద్ధి చేసే ప్రయోగాలంటే విద్యార్థులకు ఆసక్తి ఎక్కువ. పలాస జీడి పరిశ్రమలో తొక్కుకు కొదవ లేదు గనుక అది మంచి ఆలోచనే. కానీ స్వేదనజలంలో ఒకే ఒక లవణం కలిపి చూసిన ఫలితం, పది రకాల లవణాలున్న బోరు నీటిలో అలాగే రాదు. పైగా బొగ్గు రంగును, వాసనను, క్లోరిన్‌ను పట్టినంతగా కరిగిన లవణాలను పట్టదు. దాని చోటు ఆర్వో పొరకు ముందు, పొరను కాపాడటానికి.

కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇంజినీరింగ్ కళాశాలలు ఒక్కొక్క మండలాన్ని ఎంచుకుని, ప్లాంట్లలోకి వచ్చే నీటినీ వెనక పైపు నీటినీ నెలనెలా పరీక్షించి, ఆ అంకెలను ప్లాంటు గోడ మీద తెలుగులో రాయించాలని, బోరు దగ్గర వ్యర్థజలం ఇంకకుండా పంచాయతీలు వెంటనే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా