మసాజ్ అంటే ముసుగేనా?

సంపాదకులకు,

గత వారం మీ జిల్లా పేజీలో మసాజ్ సెంటర్ మీద పోలీసుల రైడ్ వార్తకు మళ్ళీ అదే హెడ్డింగ్: 'మసాజ్ ముసుగులో...' మిగతాది విశాఖలో అందరికీ కంఠతా వచ్చు. తప్పు చేసినవాళ్ళను పట్టుకోండి, ఎవరొద్దన్నారు? కానీ ఆ మాటకు పూసిన మసి అంటుకుంటోంది వేరేవాళ్ళకి. మా అక్క కూతురు ఫిజియోథెరపీ చదివింది. సీతమ్మధారలో క్లినిక్‌కు గది చూసుకుని అడ్వాన్స్ కూడా ఇచ్చింది. బోర్డు మీద 'మసాజ్' అన్న ముక్క చూడగానే ఇంటాయన తాళంచెవులు వెనక్కి తీసేసుకున్నాడు. "ఫ్యామిలీలుండే బిల్డింగమ్మా ఇది" అన్నాడట. అదే పెద్దమనిషి భుజం పట్టేసి రోజూ తైలం మర్దన చేయించుకుంటున్నాడని తర్వాత తెలిసింది!

మర్దన నిన్నగాక మొన్న బీచ్ రోడ్డులో పుట్టిందా? వాగ్భటుడు తన ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయంలో రోజూ ఒంటికి నూనె పట్టించమన్నాడు, ముఖ్యంగా తలకు, చెవులకు, పాదాలకు. నా చిన్నప్పుడు మా వీధి ముసలమ్మ పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, చంటిపిల్లను కాళ్ళ మీద బోర్లా వేసుకుని, గోరువెచ్చని నువ్వులనూనెతో వీపంతా రుద్ది, సున్నిపిండితో నలుగు పెట్టేది. ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల సాంబ్రాణి పొగ తగిలేసరికి నిద్రపోయేది. ఆవిడ మీద ఎవరూ రైడ్ చెయ్యలేదు లెండి. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్‌లో మర్దన చేసి నాలుగో జార్జి రాజు కొలువు దాకా వెళ్ళాడు. మన 'చంపీ'యే వాళ్ళ నోట్లో పడి షాంపూ అయింది.

సరిగ్గా మీరు రాసే లాంటి వార్తలే 1894లో లండన్‌ను కుదిపాయి. అప్పుడు నలుగురు నర్సులు కలిసి మర్దన నేర్చినవాళ్ళకు ఒక సంఘం పెట్టారు. పరీక్ష పెట్టారు, డాక్టరు చెప్పనిదే చెయ్యకూడదని నియమం పెట్టారు. బ్రిటన్‌లో ఇవాళ్టి ఫిజియోథెరపిస్టుల సంఘం అలా మొదలైందే. మన దగ్గరో? నగరంలో ఎవరు నేర్చినవాళ్ళు, ఎవరు కాదు అన్న జాబితా కోసం ఒక ఆఫీసు చుట్టూ మూడు రోజులు తిరిగాను. ఈ కౌంటర్ కాదు, పైకెళ్ళండన్నారు. పైన సారు లంచ్‌లో ఉన్నారు. మూడు రోజులూ లంచే! రైడ్ నాడు మాత్రం కెమెరాల ముందుకు అందరూ తిండి మానేసి వస్తారు. మా సందులో వీధిలైటు ఆరిపోయి నాలుగు నెలలైంది, దాని మీద రైడ్ ఎప్పుడో.

ఇకనైనా హెడ్డింగ్‌లో నేరం పేరు రాయండి, వైద్యం పేరు కాదు. అలాగే ఇన్నాళ్ళూ మీరు ఫొటోలతో సహా వేసిన ఆ కేసులు కోర్టులో ఏమయ్యాయో కూడా ఒకసారి రాయండి. ఒక్కదాని సంగతైనా మళ్ళీ మీ పేపర్లో నా కంటపడలేదు.

- ఒక పాఠకుడు, సీతమ్మధార, విశాఖపట్నం