ఆదివారం స్వామి జ్ఞానానంద గురించి మాట్లాడుకుందాం

సభ్యులందరికీ నమస్కారం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక పరిశోధనకు పునాది వేసిన స్వామి జ్ఞానానంద గురించి ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు మన అపార్ట్‌మెంట్ సమావేశ మందిరంలో మాట్లాడుకుందాం.

1896లో భీమవరం దగ్గరి గొరగనమూడిలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా పుట్టి, సన్యసించి, యూరప్ వెళ్లి ప్రేగ్‌లో భౌతికశాస్త్రం అభ్యసించి, 1932లో న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో పరిశోధన చేసిన ఆ కాషాయధారి చివరకు మన విశాఖకు రావడం మన అదృష్టమనే చెప్పాలి. విశ్వవిద్యాలయంలోని అణు పరిశోధనశాలకు ఆయన పేరే ఉన్నా, ఆ దారిన రోజూ నడిచే మనకే ఆ సంగతి పట్టదు!

టీ ఏర్పాటు కోసం, ఎంతమంది వస్తారో శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే తెలియజేయగలరు. ఆయన వద్ద చదువుకున్న పెద్దలు మీ ఇంట ఉంటే తప్పక వెంటబెట్టుకు రండి. ఆదివారం ఉదయం మరోసారి గుర్తుచేస్తాను.